అరటిపండుకు కప్పు: గోల్ఫ్ క్లబ్ కమిటీలకు ఎనిమిది సలహాలు

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోల్ఫ్ పిచ్చి పట్టినవాళ్ళు కొందరున్నారు. ఆదివారం కోడి కూయకముందే కారెక్కి విశాఖ దారి పడతారు. అక్కడి ఈస్ట్ పాయింట్ క్లబ్ 1884 నాటిది కాబట్టి ఈ పిచ్చి మనకు కొత్తదేమీ కాదు. దారి పొడుగునా కార్లో ఒకటే వాదన. క్లబ్ ఛాంపియన్‌షిప్ కప్పు స్క్రాచ్ మీద ఇవ్వాలా, హ్యాండిక్యాప్ మీద ఇవ్వాలా? రణస్థలంలో మొదలైన ఈ వాదన ఆనందపురం చేరినా ఆనందంగా ముగియదు.

గోల్ఫ్ తెలియనివారికి రెండు ముక్కలు. స్క్రాచ్ అంటే కొట్టిన దెబ్బలు కొట్టినట్టే లెక్క. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళే గొప్ప. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని బట్టి కొన్ని దెబ్బలు మాఫీ. చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటుంటే ఎవరి తమ్ముడో ఏడుస్తూ వచ్చేవాడు. వాణ్ణి ‘ఆటలో అరటిపండు’ అని చేర్చుకునేవాళ్ళం. వాడు దొరికినా దొంగ కాడు, ఓడినా ఓడినట్టు కాదు. పెద్దవాళ్ళం అయ్యాక ఆ అరటిపండుకే అంకెలు తొడిగి హ్యాండిక్యాప్ అన్నాం.

ముప్ఫయ్యేళ్ళుగా బంతిని చెరువులో వేస్తున్న అనుభవంతో ఈ సలహాలు ఇస్తున్నాను. కమిటీవారు కళ్ళకద్దుకుని పాటించగలరు.

1. నిబంధన ముందే చెప్పకండి.

పోటీ స్క్రాచా, హ్యాండిక్యాపా అన్నది నోటీసు బోర్డు మీద పెడితే కొంపలంటుకుంటాయి. అందరి కార్డులూ చేతికొచ్చాక, కావలసినవాడు ఏ లెక్కలో గెలుస్తున్నాడో చూసుకుని అప్పుడు తేల్చండి. తప్పనిసరిగా మీటింగు పెట్టాల్సి వస్తే దసరా వెళ్ళిన మంగళవారం మధ్యాహ్నం పెట్టండి. విజయనగరం సభ్యులంతా పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడ్డానికి పోతారు. తీర్మానం ఏకగ్రీవం.

2. రెండు ప్రశ్నలకు ఒకే కప్పు పెట్టండి.

పార్ 72 మైదానంలో, అంటే మంచి ఆటగాడు 72 దెబ్బల్లో ముగించాల్సిన చోట, ఒక కుర్రాడు 74 కొట్టాడు. అతని హ్యాండిక్యాప్ 2, అంటే మాఫీ పోగా నెట్ 72. ఒక పెద్దమనిషి 91 కొట్టాడు. ఆయన హ్యాండిక్యాప్ 22, నెట్ 69. ‘ఈ క్లబ్బులో అందరికన్నా బాగా ఆడేది ఎవరు?’ అని అడిగితే జవాబు కుర్రాడు. ‘ఇవాళ తన స్థాయిని మించి ఆడింది ఎవరు?’ అంటే జవాబు పెద్దమనిషి. రెండూ మంచి ప్రశ్నలే. చాలా క్లబ్బులు ఛాంపియన్‌షిప్ కప్పును గ్రాస్ స్కోరుకు, అంటే కొట్టిన మొత్తం దెబ్బలకు ఇచ్చి, నెట్ స్కోరుకు వేరే బహుమతి పెట్టి ఊరుకుంటాయి. అలా చేస్తే గొడవేముంటుంది? గొడవ లేని క్లబ్బులో టీ ఎవరు తాగుతారు? కాబట్టి మొదటి ప్రశ్న అడగండి, రెండోదాని జవాబు రాసుకోండి.

3. హ్యాండిక్యాప్‌ను పెరటి గుమ్మడిలా పెంచనివ్వండి.

2020 జనవరి నుంచి ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది. ఆఖరి 20 ఆటల్లో మేలైన 8 తీసుకుని సగటు కడతారు. చూశారా, మొత్తం సగటు కాదు, మంచి రోజుల సగటు. అందుకే నిజాయితీపరుడు తన హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడేది ఐదు రోజుల్లో ఒకరోజే. సభ్యులకు చిన్న కిటుకు నేర్పండి. బాగా ఆడిన రోజు కార్డు జేబులోనే మరిచిపోవాలి, చెడ్డరోజు కార్డు పరుగున తెచ్చి ఇవ్వాలి. ఇరవైకి ఇరవై చెడ్డవైతే మేలైన ఎనిమిదీ చెడ్డవే! దీనికి అడ్డుకట్టలున్నాయి. ఒక హోల్‌లో ఎన్ని చచ్చు దెబ్బలు కొట్టినా పార్ మీద రెండు, అక్కడ దక్కే మాఫీ దెబ్బలు కలిపి అంతవరకే లెక్కలోకి తీసుకుంటారు. ఏడాదిలో నమోదైన కనిష్ఠ హ్యాండిక్యాప్ కన్నా 3 పెరిగాక ఆపై పెరుగుదల సగమే. మొత్తం పెరుగుదల 5 దాటనే దాటదు. ఈ అడ్డుకట్టల సంగతి తెలిసిన సెక్రటరీని వెంటనే వనభోజనాల కమిటీకి బదిలీ చేయండి.

4. 95 శాతం మాట ఎత్తకండి.

ఒక్కొక్కరూ విడిగా ఆడే స్ట్రోక్ పోటీలో హ్యాండిక్యాప్‌ను పూర్తిగా కాక 95 శాతమే ఇవ్వమని పైన చెప్పిన ప్రపంచ పద్ధతి చెబుతుంది. 22 కాస్తా 21 అవుతుంది. ఎందుకంటారా? బాగా ఆడేవాడి స్కోర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. మనలాంటివాళ్ళవి సంతలో గొర్రెల్లా చెల్లాచెదురు. వందమంది అరటిపళ్ళు ఒకేసారి దిగితే ఆ రోజు ఎవరో ఒకరికి పూనకం వచ్చి తీరుతుంది. ఎవరికి వస్తుందో తెలియదు గానీ రావడం మాత్రం ఖాయం. ఆ పూనకానికి కాస్త కళ్ళెం వేయడానికే ఈ ఐదు శాతం కోత. పూనకం అమ్మవారి దయ కదా, కోతెందుకు?

5. అన్ని మైదానాలూ ఒకటేననండి.

ప్రతి మైదానానికీ స్లోప్ రేటింగ్ అని ఒకటుంటుంది. 55 నుంచి 155 దాకా. 113ను మధ్యస్థంగా పట్టుకుంటారు. కష్టమైన చోట బలహీనుడికి మరికొన్ని దెబ్బలు దక్కుతాయి. కోర్సు రేటింగూ (మంచి ఆటగాడికి అక్కడ పట్టే దెబ్బల అంచనా) పారూ సమానమైతే, హ్యాండిక్యాప్ 18 ఉన్నవాడికి 131 స్లోప్ మైదానంలో 21 వస్తాయి. తేలిక మైదానంలో తగ్గుతాయి. ఇంత లెక్క ఎవరు చేస్తారు? కొత్త మైదానంలోనూ పాత అంకెతోనే ఆడించండి. కాగితం మిగులుతుంది.

6. తరగతులు అసలే వద్దు.

ఎవరైనా ‘హ్యాండిక్యాప్‌లను బట్టి మూడు నాలుగు తరగతులు చేసి, ఏ తరగతికా తరగతిలో కొట్టిన దెబ్బలే లెక్కపెడదాం’ అంటే వెంటనే మాట మార్చండి. ఎందుకంటే మన రెండు జిల్లాలకూ ఆ పద్ధతి బాగా తెలుసు. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలంతా శరీర బరువును బట్టి విభాగాల్లో పోటీ పడేవాళ్ళే. ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో దిగారు. స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చారు. బంగారం, వెండి అందుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. ఇద్దరిలో ఒళ్ళు తేలికైన ఆమెకు బంగారం దక్కింది. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 ఎత్తబోయారు గానీ అది నిలవలేదు. ఆ పోటీ కమిటీలో నేనుంటే ఎత్తబోయిన బరువును కూడా లెక్కలో వేయించేవాణ్ణి. గోల్ఫ్‌లో మనం చేస్తున్నది అదే కదా! ఈ ఆలోచన ఆమదాలవలసలో మాత్రం చెప్పకండి. నేను చెప్పి చూశాను. నాకు టీ పోయలేదు.

7. విజ్జీ బాట పట్టండి.

హ్యాండిక్యాప్ లేని ఆటలో పెద్దమనుషులు ఎంత అవస్థ పడతారో తెలియాలంటే విజయనగరం పూసపాటివారి మహారాజకుమార్ విజ్జీ కథ చాలు. ప్రోత్సాహకుడిగా ఆయన్ను తక్కువ చేయలేం. 1930–31లో ఇంగ్లండ్ క్రికెటర్లైన హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను తన జట్టులో ఆడించాడు. 1936లో భారత జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్ళాడు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసింది 33 పరుగులు, సగటు 8.25. ఆ ఏడాదే సర్ బిరుదు వచ్చింది. ప్రత్యర్థి కెప్టెన్‌కు బంగారు గడియారం బహూకరించి తేలిక బంతులు వేయించుకున్నాడని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పాపం, క్రికెట్‌లో మాఫీ లేదు కాబట్టి సొంత ఖర్చుతో ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది! అయినా స్కోరు పుస్తకం కరుణించలేదు. 33 అంటే 33గానే ఉండిపోయింది. మనకు గడియారం ఖర్చు కూడా లేదు, కమిటీ ఉంటే చాలు.

8. కప్పు మీద పేరే చెక్కించండి, స్కోరు వద్దు.

అంకె చెక్కిస్తే చదివినవాడు ‘గ్రాసా, నెట్టా?’ అని అడుగుతాడు. ‘ఛాంపియన్’ అని ఒక్క మాట చాలు. మా ఇంటి అల్మరాలో అలాంటి కప్పు ఒకటుంది. వచ్చిన చుట్టాలంతా దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు.

చెప్పేస్తాను. రెండో సలహాలో 91 కొట్టిన పెద్దమనిషిని నేనే. బహుమతి ప్రదానం అయ్యాక బ్యాగు కారు దాకా మోసుకొచ్చాడు మా క్యాడీ. పలాస వైపు కుర్రాడు. క్లబ్బుకు సెలవైన రోజు అరువు తెచ్చిన మూడు గోల్ఫ్ కర్రలతో ఆడితే నాకన్నా పదిహేను దెబ్బలు తక్కువలో ముగిస్తాడు. వాడి చేతిలో చెమటకు తడిసిన స్కోరు కార్డు ఇంకా ఉంది. చెట్టెనక కొట్టినదీ, చెరువులో వేసినదీ, పుట్ తప్పిందీ అన్నీ వాడే లెక్కపెట్టాడు మరి. కప్పు వైపు చూశాడు, కార్డు వైపు చూశాడు.

‘అరవై తొమ్మిది మీదైతే, మరీ తొంభై ఒకటి ఎవులిది బావూ?’ అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. జవాబు తట్టక వంద నోటు చేతిలో పెట్టి కారెక్కాను. ఆనందపురం దాటింది, రణస్థలం దాటింది. ఆ రోజు కార్లో ఎవరూ వాదించలేదు.

అందుకని అడగకపోయినా తొమ్మిదో సలహా. లెక్క వచ్చిన క్యాడీని పెట్టుకోకండి.