కాలికి కట్టిన వెల

లోకమున అంచనాలు కట్టు విద్యలు అనేకములున్నను, ఫుట్‌బాల్ ఆటగాని వెలను నిర్ణయించు విద్య వలె ఇంత ధీమాగా బొంకు విద్య మరియొకటి లేదు. ఆటగాని వయస్సు, పరుగు వేగము, ఎడమకాలి నైపుణ్యము, కుడిమోకాలి పూర్వచరిత్ర, అతడు కొట్టిన గోలులు, కొట్టియుండవలసిన గోలులు, ఒప్పందమున మిగిలిన మాసములు, వీనినన్నిటిని గణకయంత్రమున పోసి, దశాంశములతో సహా ఒక సంఖ్యను వెలికి తీసి, ఇదియే వీని న్యాయమైన విలువ యని క్లబ్బుల పండితులు ప్రకటించుచుందురు. మన సంతలలో ఎద్దుల దళారి తువ్వాలు చాటున వ్రేళ్లు పట్టుకొని బేరము తేల్చునే గాని, ఆ బేరమునకు శాస్త్రమని పేరు పెట్టిన పాపమున పోలేదు. ఆ మాత్రపు నిజాయితీ యైనను ఈ పండితులయందు కానరాదు.

ఈ శాస్త్రమునకు మహాప్రయోగము ఖతర్ ధనముతో జరిగినది. 2011లో ఖతర్ స్పోర్ట్స్ ఇన్వెస్ట్‌మెంట్స్ అను సంస్థ పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బును చేజిక్కించుకొనెను. 2017 ఆగస్టులో ఆ క్లబ్బు బార్సిలోనా నుండి బ్రెజిల్ వీరుడగు నెయ్‌మార్‌ను 22 కోట్ల 20 లక్షల యూరోలకు, అనగా నాటి మారకమున సుమారు 1,670 కోట్ల రూపాయలకు, తెచ్చుకొనెను. అంతకు ముందటి యేడు మాంచెస్టర్ యునైటెడ్ పోగ్బాకై చెల్లించిన పది కోట్ల యాబది లక్షలే అప్పటికి ప్రపంచమున అత్యధికము. ఒక్క సంవత్సరములో మానవపాదము విలువ రెండింతలు దాటెనా యని సామాన్యుడు ఆశ్చర్యపడవచ్చును. కాని ఆ అంకెను ఏ పండితుడును గణించి తేల్చలేదు. స్పెయిన్ దేశపు ఒప్పందములలో వ్రాయు విడుదల మొత్తమది. ఎవ్వరును చెల్లింపజాలరను ధైర్యముతో బార్సిలోనా వారే పెట్టుకొనినది. కొనకుండుటకై పెట్టిన వెలయే కొన్న వెలయై, మరునాటి నుండి లోకమునకు కొలబద్ద యైనది.

అది ఎట్టి వేసవియో గూడ స్మరింపదగును. ఆ జూన్ 5వ తేదీననే సౌదీ అరేబియా, ఎమిరేట్లు, బహ్రెయిన్, ఈజిప్టు దేశములు ఖతర్‌తో సంబంధములు త్రెంచుకొని దిగ్బంధము విధించెను. ఇరుగుపొరుగులు దారులు మూసివేయగా, తన కలిమికి లోపము రాలేదని లోకమునకు చాటవలసిన అగత్యము ఒక చిన్న రాజ్యమునకు ఎన్ని కోట్లు చేయునో, ఆ కోట్లు నెయ్‌మార్ కుడికాలికి చెందునో, ఎడమకాలికి చెందునో, విలువ కట్టు పండితులు సెలవిచ్చినారు కారు.

ఫలితమో? ఆరు సీజనులలో 173 ఆటలు, 118 గోలులు. జీతము మాట అటుంచి, కొన్న వెల ఒక్కటియే గోలు ఒక్కింటికి పందొమ్మిది లక్షల యూరోలకు చేరువైనది. ఎంబాపె అను మరియొక ఆటగానికై 18 కోట్ల యూరోలు కుమ్మరించిరి; 2024లో అతడు ఒప్పందము ముగించుకొని, పారిస్‌కు చిల్లిగవ్వ రాకుండ, మాడ్రిడ్‌కు నడిచిపోయెను. మెస్సీతో కలిసి ముగ్గురును ఒక్క జట్టున ఆడిన రెండేండ్లలో ఐరోపా చాంపియన్స్ లీగు కప్పు పారిస్ ముఖము చూడలేదు. ముగ్గురును వెడలిపోయిన పిదప, 2025 మే 31న, మ్యూనిక్ నగరమున ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి ఆ కప్పును పారిస్ గెలిచెను.

అమ్మినవారి తెలివియు కొన్నవారి తెలివికి తీసిపోలేదు. చేతికి వచ్చిన ధనముతో బార్సిలోనా వారు దెంబెలెను 10 కోట్ల 50 లక్షలకు, కుటిన్యోను 12 కోట్లకు, షరతులపై మరికొంతకు కొనిరి. కుటిన్యోను బయర్న్ మ్యూనిక్‌కు అద్దెకు పంపగా, 2020లో లిస్బన్‌లో బార్సిలోనాను 8-2తో మట్టి కరపించిన బయర్న్ పక్షమున అతడే రెండు గోలులు కొట్టెను. దెంబెలెను 2023లో అదే పారిస్ క్లబ్బునకు సుమారు సగము ధరకు అమ్మివేసిరి. రెండేండ్లు తిరిగిన వెంటనే, 2025లో, అతడు బాలన్ డోర్ పురస్కారమును అందుకొనెను.

ఇక లెక్కల పుస్తకము తెరచిన, వినోదము పరాకాష్ఠ నందును. కొన్న ఆటగాడు అందు స్పర్శకందని ఆస్తి. ఐదేండ్ల ఒప్పందమైనచో ఏటేట ఐదవ వంతు విలువ కరగును, అతడు ఆ యేడు అద్భుతముగ ఆడినను సరే. క్లబ్బు ఒడిలోనే పెరిగిన కుర్రవానికి పుస్తకమున విలువ సున్న. కావుననే వానిని అమ్మిన వచ్చునదంతయు లాభమై, ఇంటిబిడ్డను అమ్ముకొనుటయే ఉత్తమ వ్యాపారమగుచున్నది.

ఖతర్ గడ్డపై వెలలకు మరియొక ముఖము కలదు. బాటిస్టూటా, గార్డియోలా, రౌల్, షావి వంటి మహామహులు వృత్తి చివరిదశలో అచ్చటి క్లబ్బులలో సుఖముగ ఆడి, సుఖముగ వెడలిరి. అదే దేశమున ఎల్ జైష్ క్లబ్బు ఆటగాడు జహీర్ బెలూనిస్, జీతపు బకాయిలకై న్యాయస్థానమునకెక్కి, కఫీల్, అనగా పనికి పెట్టుకొన్న యజమాని, అనుమతి లేనిదే దేశము దాటరాదను నాటి చట్టము వలన భార్యాబిడ్డలతో ఏడాదికి పైగా చిక్కుకొనిపోయెను. జిదాన్‌కు, గార్డియోలాకు బహిరంగ లేఖ వ్రాసికొని, 2013 నవంబరులో గాని అతడు బయటపడలేదు. ఒప్పందము తీరిన ఆటగాడు స్వేచ్ఛగా పోవచ్చునని ఐరోపా న్యాయస్థానము బోస్మన్ తీర్పు చెప్పినది 1995లో. నిష్క్రమణ అనుమతి నియమమును ఖతర్ చాలమందికి 2018లో తొలగించెను. యజమాని ఒప్పుకోలు లేకయే ఉద్యోగము మారు హక్కును 2020లో కల్పించెను.

బెలూనిస్‌కు లేఖ వ్రాయుటకైన నలుగురు ప్రసిద్ధులు కలరు. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ పల్లెల నుండి దోహాకు పోవు మన తాపీమేస్త్రికి ఎవరున్నారు? ఆటగాని విషయమున కొనువాడు చెల్లించును; పన్నెండవ ఏట నుండి ఇరువదిమూడవ ఏటి వరకు తర్ఫీదిచ్చిన క్లబ్బులకు వెలలో నూటికి 5 వంతులు చేరవలెనని ఫిఫా నిబంధన కలదు. మేస్త్రి విషయమున అమ్ముడుపోవువాడే చెల్లించును. గుర్తింపు పొందిన ఏజెంటు 30,000 రూపాయలకును పన్నుకును మించి తీసికొనరాదని భారత ప్రభుత్వ నియమమున్నను, ఆ హద్దును పాటించు దళారి పల్లెలలో అరుదు. వానికి పని నేర్పిన తండ్రికి 5 వంతులు రాకపోగా, వడ్డీకి తెచ్చిన అప్పు మీద పూచీకత్తు సంతకము మాత్రము తండ్రిదే.

మన పాలకుల బేరము చూడుడు. 2020 ఆగస్టు చివర ఖతర్ ప్రభుత్వము కనీస మూలవేతనము 1,000 రియాళ్లని ప్రకటించెను. సరిగ తరువాతి మాసముననే మన కేంద్ర ప్రభుత్వము గల్ఫు కార్మికుల కనీస సిఫారసు వేతనములను కోసివేసి, ఖతర్‌కు 200 డాలర్లని, అనగా సుమారు 728 రియాళ్లని, నిర్ణయించెను. కొనువాడు వేయి ఇచ్చెదనన, అమ్మువాడు ఏడువందల యిరువదియెనిమిది చాలునని బ్రతిమాలిన బేరము ఫుట్‌బాల్ చరిత్రలో దొరకదు. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము పడి, నిరసనలు చెలరేగి, 2021 జూలైలో ఆ ఉత్తరువు వెనుకకు పోయినది.

పాఠకులారా, ఆటగాని వెల పత్రికలలో అచ్చైనప్పుడెల్ల దానిని వాని ప్రతిభకు కొలతగా గాక, కొనువాని అవసరమునకు కొలతగా చదువుకొనుడు. అంతటితో ఆగక మన ప్రభుత్వములను ఒక్కటి అడుగుడు: ఈ వెర్రి వ్యాపారమున అనుకరింపదగిన ధర్మమొక్కటి కలదు, మనిషిని కోరి రప్పించుకొనువాడే ఖర్చంతయు భరించుట. పారిస్ చేరుటకు నెయ్‌మార్ పొలము తాకట్టు పెట్టలేదు. దోహా చేరుటకు జగిత్యాల మేస్త్రియు పెట్టనక్కరలేదు.