బిల్లు తప్ప అన్నీ అందిన సదస్సు

స్టార్టప్ మూతపడిందన్న వార్త తరచూ కనిపిస్తుంది. స్టార్టప్‌ల సదస్సు విఫలమైందన్న వార్త మాత్రం ఏ పేపర్లోనూ కనిపించదు. నష్టభయంతో నిండిన ఈ రంగంలో నష్టమే ఎరగని వ్యాపారం ఒక్కటుందన్నమాట. నష్టభయాన్ని ఎదుర్కోవడం ఎలాగో చెప్పే సభ పెట్టడమే ఆ వ్యాపారం. ఇందులో రహస్యం పెద్దగా లేదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే తప్పేదెవరు? ఎంతమంది వచ్చారు, ఎన్ని దేశాల జెండాలు ఎగిరాయి, ఎందరు మంత్రులు మాట్లాడారు, విందులో ఎన్ని వంటకాలు వడ్డించారు, ఈ లెక్కలన్నీ నిర్వాహకుడి చేతిలో ఉన్నవే. వచ్చినవాడి సరుకు ఆ తర్వాత ఎవరైనా కొన్నారా అన్నది ఒక్కటే అతని చేతిలో లేదు. అందుకే దాన్ని లెక్కలోకి రానివ్వరు.

ఇలాంటి విజయానికి హైదరాబాద్‌ను మించిన నమూనా దొరకదు. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా హెచ్‌ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఒబామా హయాంలో 2010లో మొదలైన ఈ సభలు దక్షిణాసియాకు రావడం అదే తొలిసారి. అమెరికా బృందానికి ఇవాంకా ట్రంప్ నాయకత్వం, ప్రారంభోత్సవానికి ప్రధాని మోదీ, సుమారు 1500 మంది ప్రతినిధులు, వారిలో సగానికి పైగా మహిళలు. అదే రోజు మియాపూర్‌లో మెట్రో రైలు ప్రారంభం. అతిథులు తిరిగే దారులకు కొత్త తారు పడింది, గోడలకు రంగులు పడ్డాయి. విందు ఫలక్‌నుమాలో, 101 మంది ఒకే బల్ల చుట్టూ కూర్చోగల హాలున్న ప్యాలెస్‌లో. ఆ ఎంపికలో తెలియకుండానే ఒక పాఠం దొర్లింది. దాన్ని కట్టించిన పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా స్థోమతకు మించి ఖర్చుపెట్టి, అప్పుల్లో మునిగి, చివరికి ఆరో నిజాంకు అప్పగించారు. ఖర్చు హద్దు దాటింది, రాబడి లేదు, పెద్ద చెయ్యి ఒకటి కొనేసి గట్టెక్కించింది. స్టార్టప్ పరిభాషలో దీన్ని ఎగ్జిట్ అంటారు. ఏ కీలకోపన్యాసం కన్నా ఆ గోడలే వ్యాపారం గురించి ఎక్కువ చెప్పగలవు.

నగరం ఇంకో ఏర్పాటు కూడా చేసుకుంది. అదే నవంబరులో బిచ్చమెత్తడాన్ని పోలీసులు రెండు నెలలపాటు నిషేధించారు. ఉత్తర్వులో రాసిన కారణం రాకపోకలకు ఇబ్బంది అనే. ఏళ్లుగా ఉన్న ఆ ఇబ్బంది సరిగ్గా అతిథులు దిగే నెలలోనే కంటపడింది. యాచకుల్ని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. ఆచూకీ చెప్పినవారికి 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. మొహమాటం పక్కనపెట్టి చూస్తే సిగ్నల్ దగ్గర జరిగేదేమిటి? ముక్కూ మొహం తెలియనివాడి ముందు నిలబడి, పచ్చలైటు పడేలోగా అవసరం చెప్పి, నమ్మించి, డబ్బు అడగడం. హాల్లో దాన్నే పిచ్ అంటారు. అక్కడా గంట కొట్టేలోగా ముగించాలి. తేడా ఒక్కటే. సిగ్నల్ దగ్గర ఐదో పదో అక్కడికక్కడే చేతిలో పడుతుంది. హాల్లో విజిటింగ్ కార్డు పడుతుంది.

పారిశ్రామికవేత్తకు నిజంగా కావాల్సింది కొనేవాడు, కొన్నాక సమయానికి డబ్బిచ్చేవాడు. ఇది తెలుసుకోవడానికి చర్చాగోష్ఠి అక్కర్లేదు, 2006లోనే చట్టం రాసుకున్నాం. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవారు 45 రోజులు మించకుండా చెల్లించాలి. తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఇంత కరుకైన చట్టం వచ్చిన పదకొండేళ్లకు, హైదరాబాద్ సదస్సుకు నెల ముందు, రాని బాకీల మీద ఫిర్యాదుల కోసం కేంద్రం ‘సమాధాన్’ పోర్టల్ తెరవాల్సి వచ్చింది. బాకీపడ్డవారి వరుసలో ప్రభుత్వ శాఖలూ, ప్రభుత్వ రంగ సంస్థలూ ఉన్నాయి. వేదిక మీద శాలువా కప్పే చేయి, ఆఫీసులో బిల్లు తొక్కిపెట్టే చేయి ఒక్క ఒంటివే. ఏంజెల్ ట్యాక్స్ కథా ఇదే. వాటాకు తగిన విలువ కంటే ఎక్కువ పెట్టుబడి వచ్చిందనిపిస్తే, ఆ అదనాన్ని కంపెనీ ఆదాయంగా లెక్కగట్టే ఈ పన్ను 2012 బడ్జెట్లో వచ్చింది. 2016లో స్టార్టప్ ఇండియా అంటూ పెట్టుబడికి పీట వేశారు. మధ్యలో మినహాయింపులిచ్చినా, ఆ పన్ను పూర్తిగా పోవడానికి 2024 బడ్జెట్ దాకా పట్టింది.

ఇదంతా నిష్ఠూరమని కొందరనవచ్చు. సభలో కలిసే పరిచయాల విలువ మర్నాటి లెక్కకు అందదన్నది నిజమే. బెంగళూరు స్టార్టప్ తయారుచేసిన ‘మిత్ర’ రోబో ప్రధాని, ఇవాంకాల సమక్షంలో ప్రపంచం కంటపడింది. తెలంగాణ ప్రభుత్వం మహిళల కోసం 2018 మార్చిలో మొదలుపెట్టిన వీ హబ్‌కు బీజం పడింది ఆ సభలోనే. రెండూ కాదనలేనివి. కానీ రోబోకు కలిసొచ్చింది ఎవరి ఉపన్యాసమో విన్నందుకు కాదు, దాని చేత అందరి ముందూ పని చేయించినందుకు. వీ హబ్ నిలబడింది మూడు రోజుల దీపాల వెలుగులో కాదు, ఆ తర్వాత ఏళ్లతరబడి సాగిన పనితో. సభను సమర్థించే సాక్షులే, సరుకు వాడుకోవడమూ పని కొనసాగించడమూ ముఖ్యమని చెబుతున్నారు. ఆర్భాటం లేకపోతే పెట్టుబడిదారు రాడని ఇంకో వాదన. వచ్చినవాడు చివరికి చూసేది పందిరిని కాదు, ఖాతా పుస్తకాన్ని. అందులో రావాల్సిన బాకీలే కనిపిస్తే ఏ పందిరీ అతన్ని ఆపలేదు.

కాబట్టి ప్రభుత్వాలకు చౌకైన ఉపాయం ఒకటుంది. కీలకోపన్యాసం వేళకు హాల్లో ఒక కౌంటరు తెరవండి. చిన్న సంస్థలకు మీ శాఖలు బాకీపడ్డ బిల్లులు అక్కడే చెల్లించండి. ఫొటో కావాలంటే చెక్కు అందిస్తూ దిగండి, ఆ చెక్కు చెల్లితే చాలు. ఒక్కో శాఖ ఒక్క స్టార్టప్ సరుకునైనా కొని, ఆ ఆర్డరు వేదిక మీద చదివి వినిపించాలి. ఏడాది తిరిగాక అదే హాల్లో, టీ బిస్కెట్లతో, ఎన్ని ఆర్డర్లకు 45 రోజుల్లో డబ్బు ముట్టిందో జాబితా ప్రకటించాలి. ఆ సభ కోసం రోడ్ల మీద ఎవరినీ దాచనక్కర్లేదు. శాలువాలు మానేసినా ఎవరూ నొచ్చుకోరు. శాలువా ఎంత ఖరీదైనదైనా, ఒకటో తారీఖున జీతాల కింద చెల్లదు.