బాయిస్ గారి కామారెడ్డి శిష్యుడు

పెండ్లి స్టేజీ మీద కీబోర్డూ ప్యాడ్లూ మోగితే అదే ఆర్కెస్ట్రా అనుకునే కామారెడ్డిలో, తొలినాటి ఇంగ్లిష్ సింఫనీ రికార్డింగుల రసికుడు దొరుకుతాడా? ఫోను చేతికొచ్చాక దొరకని రసికుడెవరు! అట్లా దొరికిన మనవాడి ఇలవేల్పు ఇంగ్లిష్ స్వరకర్త విలియం బాయిస్. ఆయన ఎనిమిది సింఫనీలు 1760లో అచ్చయ్యాయి. దాదాపు అన్నీ పది నిమిషాల లోపే. ఎల్లారెడ్డి బస్సెక్కి దిగేలోపు నాలుగైదు సులువుగా వినేయొచ్చు. మనవాడు మాత్రం మొదటిది దాటడు. దాన్నే ఆర్కెస్ట్రా కండక్టర్ ట్రెవర్ పినాక్‌ది ఒకసారి, మరో కండక్టర్ హాగ్‌వుడ్‌ది ఒకసారి విని, పక్కసీటు బావ చెవిలో ఇయర్‌ఫోన్ కుక్కి, “ఇను బావా, ఇక్కడ ఫిడేళ్ళు ఎట్ల తేలిపోయినయో!” అంటాడు. బావకు ఆ క్షణాన కావలసిన కండక్టర్ చిల్లర బాకీ ఉన్నవాడే.

స్వరాలు అవే అయినప్పుడు ఎవరు వాయిస్తే ఏమిటని బావ పక్షం వాదన. అది నిలవదు. పినాక్, హాగ్‌వుడ్ బృందాలు పాతకాలపు పద్ధతిలో పేగు తీగలు కట్టి, శ్రుతి దాదాపు అర మెట్టు దించి వాయించాయి. ఉక్కు తీగల పెద్ద బృందం అదే పుట వాయిస్తే బరువు వేరు, నడక వేరు. అయినా ఈ రుచి మనకు కొత్తదా? ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యనాటకాలు ఆడిన చోటల్లా కృష్ణుడేం చెబుతాడో జనానికి కంఠతా వచ్చు. ఈ రాత్రి ఈ నటుడు రాగం ఎక్కడ సాగదీస్తాడో విందామనే వెళ్ళేవారు, నచ్చితే వన్స్‌మోర్ కొట్టేవారు. మనవాడు రికార్డు మార్చి కొట్టేదీ వన్స్‌మోరే.

నా అభ్యంతరం వేరే. ఈ సింఫనీల్లో చాలా భాగం రాజుగారి పుట్టినరోజు, కొత్త సంవత్సరం పాటలకూ నాటకాలకూ ముందు వాయించడానికి పుట్టినవే. అసలు కార్యక్రమం వెనక రావాలి. మనవాడు వాటిని సంధ్యావందనం చేసినంత నిష్ఠగా, ఎవరైనా దగ్గితే కళ్ళెర్రజేసి వింటాడు. ఇక పేర్లు చెప్పకుండా రికార్డులు తారుమారు చేస్తే గుర్తుపట్టలేడు, ఇదంతా బడాయేనంటారా? కొంత బడాయే. కానీ బాయిస్‌ను లోకం మరిచిపోతే, 1928లో స్వరకర్త కాన్‌స్టంట్ లాంబర్ట్ ఈ ఎనిమిదింటినీ మళ్ళీ పరిష్కరించి అచ్చువేయించాడు. అలాంటి పనికి కాస్త పిచ్చి ఉండాలి. కామారెడ్డి మార్కెట్లో బెల్లం వ్యాపారి ముద్ద ముద్దకూ ముక్క విరిచి నాలుక మీద వేసుకుంటాడు, అన్నీ తీపే అని తెలిసి కూడా. అతన్ని బడాయికోరని ఎవరూ అనరు.