దెయ్యానికి టికెట్టు, పిల్లాడికి ఫ్రీ

పసిపిల్లలకి దెయ్యాల సినిమా చూపించొచ్చా, కూడదా అని బెజవాడలో ఎవరూ అడగరు. ఒళ్ళో కూర్చుంటే టికెట్టు కావాలా, అక్కర్లేదా అని అడుగుతారు. అక్కర్లేదని తేలిన క్షణాన నాలుగున్నరేళ్ళ బుడ్డోడు గేటు దగ్గర రెండున్నరేళ్ళవాడై, నడక కూడా మర్చిపోయి తండ్రి భుజమ్మీద వాలిపోతాడు. లోపల తెర మీద జుట్టు విరబోసుకున్న ఆవిడ మెడ పూర్తిగా వెనక్కి తిప్పేసరికి వాడి వయసు వాడికి తిరిగొస్తుంది. ఇంటికి పోదామని హాలంతా వినబడేలా చెబుతాడు. అప్పుడు తండ్రి పలికే ధైర్యవచనం ఒకటే: "కళ్ళు మూసుకో." కళ్ళు మూసుకున్నంత మాత్రాన రీరికార్డింగు ఆగదని ఆయనకి తట్టదు. దెయ్యం సినిమాలో సగం దెయ్యం స్పీకర్లలోనే ఉంటుంది. 1921లోనే మారుతీ హాలు కట్టుకుని ఆంధ్రదేశానికి సినిమా అలవాటు చేసిన ఊరు మనది. ఇన్నేళ్ళ అనుభవం తర్వాతైనా ఈ సంగతి కాస్త కూర్చుని ఆలోచించాలి.

అలాగని, భయమే పిల్లలకి పనికిరాదనేవాళ్ళ జట్టులో నేను చేరను. చేరితే ముందు మన సినిమా పుట్టుకనే కాదనాల్సొస్తుంది. తెలుగు సినిమాకి మాటలొచ్చింది 1932లో, 'భక్త ప్రహ్లాద'తో. కథేమిటి? కన్నతండ్రి పసివాణ్ణి ఏనుగులతో తొక్కిస్తాడు, పాములతో కరిపిస్తాడు, విషం పట్టిస్తాడు. ఏదీ పనిచెయ్యక విసిగిపోయిన ఆ తండ్రిని, స్తంభం బద్దలుకొట్టుకుని వచ్చిన సింహం తలవాడు గడప మీద ఒళ్ళో వేసుకుని పొట్ట చీలుస్తాడు. పురాణం పేరు తీసేసి ఇవాళ ఈ స్క్రిప్టు సెన్సారుకి పంపితే 'ఏ' సర్టిఫికెట్టు ఖాయం. 1967లో ఇదే కథ మళ్ళీ తీస్తే నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడయ్యాడు. జనం పిల్లాజెల్లాతో బయల్దేరి చూశారు. ఇంకోవైపు, 1947లో నాగిరెడ్డితో కలిసి తెనాలి చక్రపాణి పెట్టిన 'చందమామ' ఉండేది. తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావు ఏళ్ళ తరబడి నడిపిన ఆ పత్రికలో, శ్మశానంలో చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకునే రాజు నెలనెలా తయారయ్యేవాడు. ఆ శవంలోని బేతాళుడు ఊరుకోడు, చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. బెజవాడ కార్పొరేట్ కాలేజీలకి స్ఫూర్తి అక్కణ్ణుంచే వచ్చిందేమో నాకు తెలీదు కానీ, తరాల పిల్లలు ఆ కథలు చదువుకుని హాయిగా నిద్రపోయారు.

మరి తేడా ఎక్కడుంది? అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ కాంటర్ ఈ పిల్లల భయాల మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. ఆవిడ తేల్చిందేమిటంటే, ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు కథకి భయపడరు, రూపానికి భయపడతారు. 'ఇంక్రెడిబుల్ హల్క్' టీవీ సీరియల్లో ఆ పచ్చ భూతం మంచివాడే, ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడేవాడే. పెద్ద పిల్లలకి అది అర్థమైంది. బళ్ళో ఇంకా చేరని పిల్లలు మాత్రం మామూలు మనిషి అలా పచ్చగా ఉబ్బిపోవడం చూసి హడలిపోయారు. అదే 1983లో అణుయుద్ధం మీద 'ది డే ఆఫ్టర్' అని టీవీలో ఒక సినిమా వేస్తే, చిన్నపిల్లలు పెద్దగా చలించలేదు. వాళ్ళ తల్లిదండ్రులే బెంబేలెత్తిపోయారు. మన 'అరుంధతి' సినిమాకి ఈ లెక్క వర్తింపజేయండి. గద్వాల సంస్థానం, పునర్జన్మ, ప్రతీకారం — ఇవేవీ నాలుగేళ్ళ బుర్రకి ఎక్కవు. ఎక్కేది పశుపతి మొహం, బొమ్మాళీ అని పిలిచే ఆ గొంతు. గొంతు అరువిచ్చిన రవిశంకర్‌కి ఆ పిలుపే ఇంటిపేరైపోయిందంటే, పసి చెవుల్లో అది ఎన్నాళ్ళుంటుందో ఊహించుకోండి. "చివరికి మంచే గెలుస్తుంది కదండీ" అనే సమర్థన ఇక్కడే చతికిలబడుతుంది. ఆ చివరిదాకా పిల్లాడు రాడు, ఇంటర్వెల్‌కి ముందే ఆగిపోతాడు.

అయితే నరసింహస్వామి మొహం మాత్రం భయంకరం కాదా అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కృష్ణ దాటి మంగళగిరి కొండెక్కి చూడండి. పానకాలస్వామి నోరు తెరుచుకుని ఉంటుంది. పూజారి శంఖంతో ఆ నోట్లో బెల్లం పానకం పోస్తుంటే లోపల్నుంచి గుటకల చప్పుడు వస్తుంది. చప్పుడు ఆగిందంటే స్వామికి చాలినట్టే. మిగతా సగం పానకం భక్తులకి తిరిగి వస్తుంది. పిల్లాడు అమ్మ చంక దిగకుండా ఇదంతా చూస్తాడు. వాడికి అర్థమయ్యేదేమిటంటే, ఈ నోరు బెల్లం తాగుతుంది, తాగి నాకూ ఇస్తుంది. పసివాళ్ళకి "అది నిజం కాదురా" అని ఎంత చెప్పినా పనిచెయ్యదు, ఒళ్ళోకి తీసుకుని తాగడానికేదైనా ఇస్తే పనిచేస్తుంది అని కాంటర్ కూడా రాసింది. మంగళగిరిలో ఆ వైద్యం ఎప్పట్నుంచో నడుస్తోంది. బందరులో దసరాకి శక్తి పటాలు బయల్దేరినప్పుడూ అంతే. కాళి ముఖం తొడుక్కున్న మనిషి డప్పుల మోతకి చిందులేస్తూ మీదికొస్తాడు, పిల్లలు కెవ్వుమంటారు. కానీ అది నడివీధి. నాన్న నాలుగడుగులు వెనక్కి వేస్తే భయం నాలుగడుగులు దూరమవుతుంది. కాసేపటికి కాళి ముఖం తీసి చెమట తుడుచుకుంటుంది. థియేటర్లో దెయ్యం చెమట తుడుచుకోగా ఎవరైనా చూశారా?

"అలవాటైతే ధైర్యం వస్తుంది, మేం చిన్నప్పుడు చూళ్ళేదా, మాకేమైంది" అనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. 1999లో హారిసన్ అనే ఆవిడతో కలిసి కాంటర్ కాలేజీ విద్యార్థుల్ని ఇదే అడిగింది. 90 శాతం మంది చిన్నతనంలో ఏదో ఒకటి చూసి బాగా జడుసుకున్నామన్నారు. 26 శాతం మంది ఆ భయం ఇంకా పూర్తిగా పోలేదన్నారు. కాబట్టి ఏమీ కాలేదనే పెద్దమనిషి అర్ధరాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు లైటు వేసుకుంటాడో లేదో ముందు కనుక్కోవాలి. కామెడీ దెయ్యమైతే పర్లేదనే వాదనా ఉంది. జోకు పెద్దలకి, మొహం పిల్లలకి. ఇక, రోజంతా "అన్నం తినకపోతే బూచాడికిచ్చేస్తా" అని బెదిరించి, రాత్రి దెయ్యం సినిమాకి తీసుకెళ్ళి "దెయ్యాల్లేవురా" అనేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి ఏం చెప్పను? బూచాడు అబద్ధమైతే అన్నం ఎందుకు తిన్నట్టు?

చట్టం ఆదుకుంటుందా అంటే, సగమే. 'ఏ' సినిమాకి పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళని రానివ్వకూడదు. 2023 సవరణతో 'యూఏ' మూడు ముక్కలై 7, 13, 16 ఏళ్ళ గుర్తులొచ్చాయి. అయితే అవి తల్లిదండ్రులకి ఇచ్చిన సలహాలే, గేటు దగ్గర ఆపే హక్కులు కావు. ప్రభుత్వం బాధ్యతని అమ్మానాన్నల మీద పెట్టింది, అమ్మానాన్నలు గేట్‌మాన్ మీద పెట్టారు, గేట్‌మాన్ టార్చిలైటు వేసి సీటు చూపించాడు.

నా తీర్పు ఇది. ఏడెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లల్ని దెయ్యాల సినిమాకి తీసుకెళ్ళొద్దు. ఆ తర్వాత వాళ్ళు అడిగితే పగటిపూట, ఇంట్లో, రిమోటు వాళ్ళ చేతికిచ్చి పక్కన కూర్చోండి. ఈలోపు భయం కావాలంటే బేతాళుడున్నాడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. మరీ ఆగలేకపోతే పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి సెకండ్ షోకి మీరిద్దరే వెళ్ళండి. అమ్మమ్మ ఊళ్ళో లేకపోతే ఓటీటీ కోసం ఆగండి. ఈమధ్య నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి.