ఒంటి అంచు రేజరు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఒకే అంచున్న బ్లేడుతో నడిచే పాత అమెరికన్ రేజర్లను పోగేసే ఒకానొక కవి, పార్సిలు విప్పుతుండగా భార్య “మళ్ళీనా?” అన్నప్పుడు ఆశువుగా చెప్పినది.

గడ్డ మొకటె గాని కత్తులు పదియాయె
పిడిని తిప్పి చూడ వేరు వేరు
పంటివరుస వేరు, పలకచీలిక వేరు
కొన్నవాని గోడు గోడ కెఱుక

ప్రతిపదార్థం: గడ్డము ఒకటె కాని = గొరగవలసిన చోటు ఒక్కటే అయినప్పటికీ; కత్తులు = రేజర్లు; పది ఆయె = పది అయినవి (ఇది ఇంట్లో చెప్పే లెక్క, అటక మీదివి చేరవు); పిడిని తిప్పి చూడ = కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పిడిని వెలుతురుకి తిప్పి చూడగా; వేరు వేరు = (కొన్నవాడికి మాత్రమే) భిన్నములు; గోడ = స్నానాలగది గోడ; ఎఱుక = తెలియును. ఇంట్లో మిగతావారు వినడం మానేశారని భావం.

టీక: కత్తులంటే మంగలికత్తులు కావు. 1880లో కాంఫ్ సోదరులు అమెరికాలో పేటెంటు పుచ్చుకున్న ‘స్టార్’ ఈ వంశానికి మూలపురుషుడు. మంగలికత్తి లాంటి మందపాటి చిన్న బ్లేడు, దాని కింద నురగ పట్టే తొట్టి. బ్లేడును తోలుపట్టీ మీద సానబెట్టుకుంటూ ఉండాల్సిందే. వైద్యుడూ కవీ అయిన ఆలివర్ వెండెల్ హోమ్స్ 1887 నాటి తన యూరప్ యాత్రాగ్రంథంలో దీన్ని పనిగట్టుకుని మెచ్చుకున్నాడు గనుక, రేజరు మీద నోరు చేసుకున్న కవుల్లో మనవాడు మొదటివాడేమీ కాడు. 1904లో పేటెంటు పొందిన జిలెట్‌వారి రెండంచుల బ్లేడు తర్వాత లోకాన్ని ఏలింది. మన కిరాణాకొట్లో దొరికేది ఆ సంతతే. ఒంటి అంచుది దానికి రెట్టింపు పైచిలుకు మందం, వెన్నుకి రేకు తొడుగు. వంగదు. మనవాడికీ ఈ గుణం ఉందని ఇంట్లోవారి అభిప్రాయం.

“వేరు వేరు” పునరుక్తి అని ఒక వ్యాఖ్యాత ఆక్షేపించాడు. ఆయన గడ్డం పెంచినవాడు, కాబట్టి ఆయన మాట ప్రమాణం కాదు. మొదటి ‘వేరు’ 1912 రకం: బొటనవేలితో మూత ఎత్తి బ్లేడు దూర్చాలి. 1912 పేటెంటు సంవత్సరమే గాని మీ చేతిలోది తయారైన ఏడు కాదు. అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు. జెమ్ అని ఒకటి, ఎవర్‌రెడీ అని ఒకటి, చూడబోతే కవలలు. రెండు పేర్లూ చివరికి అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ సొత్తే అయ్యాయి. అయినా రెండూ కొనాలి. రెండో ‘వేరు’ 1930ల నాటి జెమ్ మైక్రోమాటిక్. పిడి అడుగున తిప్పితే తల మీద మూత లేస్తుంది, తిరగదిప్పితే బిగుస్తుంది.

మూడో పాదం ఆ మైక్రోమాటిక్ గురించే. తొలిరూపానికి బ్లేడు ముందు దువ్వెనపళ్ళు. తర్వాతి ‘క్లాగ్‌ప్రూఫ్’లో పళ్ళు పోయి నిండు పట్టీ వచ్చింది, నురగ జారిపోవడానికి చీలికలు మిగిలాయి.

పాఠాంతరం: “గోళ్ళ కెఱుక”. ఇదే సాధుపాఠమని మా నిర్ణయం. పళ్ళ సందున ఎవరిదో తాతగారి సబ్బు రాయిలా బిగుసుకుని ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆఖరికి గోటితో గీరాలి. అత్యుత్సాహం చూపితే సబ్బుతోపాటు నికెల్ పూతా లేచి కింది ఇత్తడి పలకరిస్తుంది.

తాత్పర్యం: ఇంకొకటి కొన్నాను.

విశేషాలు: రెండంచుల రేజరు అలవాటుతో దీని పిడిని కిందికి వాల్చిపడితే అంచు చర్మాన్ని తాకదు, నురగ మాత్రం పోతుంది. తలను బల్లపరుపుగా చెంపకి ఆనించి, పిడిని ఇంచుమించు నిటారుగా బయటికి పట్టాలి. పొద్దున గీసిన గడ్డం సాయంత్రం ఐదింటికి నల్లగా తేలుతుందని 1930లలో జెమ్ ప్రకటనలు మగవాళ్ళని బెదరగొట్టాయి. మనవాడికి నాలుగింటికే తేలుతుంది, పది కత్తులున్నా. అలంకారం విషమం. ఛందస్సు ఆటవెలది. “పదియాయె” తీసి “పదునొండు” అని పెట్టినా గణం చెడదు, యతి చెడదు. పోస్టులో ఉన్నదానికి కవి ముందే చోటు అట్టేపెట్టుకున్నాడని మా అనుమానం.