పాకెట్లు పెద్దవయ్యాయి, గొప్పలు ఇంకా పెద్దవయ్యాయి

మొన్న ఆదివారం మా మనవడు పూల్ పార్లర్ నుంచి వచ్చీ రాగానే, "తాతయ్యా, ఒక్క ఛాన్స్‌లో టేబులంతా క్లియర్ చేసేశా" అన్నాడు. "శభాష్‌రా. ఇంతకీ ఆ టేబుల్‌కి పాకెట్ ఎన్ని అంగుళాలు?" అన్నాను. "పాకెట్‌కి అంగుళాలేంటి తాతయ్యా? పాకెట్ అంటే పాకెట్టే!" అనేసి స్నానానికి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. సెల్‌ఫోన్ కొనాలంటే కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అని వారం రోజులు గాలిస్తారు. చెప్పులు కొనాలన్నా నంబరు చూసుకుంటారు. బంతి ఎంత సందులోంచి పడుతోందో మాత్రం ఒక్కడికీ పట్టదు. టేబుల్ తొమ్మిది అడుగులదా ఎనిమిదా అని అడుగుతారు, క్యూ ఏ కంపెనీదని అడుగుతారు, క్లాత్ నీలమా పచ్చా అని కూడా అడుగుతారు. ఆట కష్టమో సులువో తేల్చే ఆ ఆరు నోళ్ల సంగతి ఎవడూ అడగడు.

మా రోజుల్లో ఆటంటే బిలియర్డ్స్, ఆ తర్వాత స్నూకర్. స్నూకర్ పుట్టింది కూడా మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో ఇంగ్లీషు సైనికాధికారులు వానాకాలం పొద్దు గడవక మొదలుపెట్టారు, తర్వాత ఊటీ క్లబ్బులో దానికి నియమాలు కుదిరాయి. 1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో బిలియర్డ్స్ ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ కొట్టాడని మా సీనియర్లు నిన్నో మొన్నో జరిగినట్టు చెప్పుకునేవాళ్లు. నేను నేర్చుకున్నది ఒక రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో. పన్నెండు అడుగుల టేబుల్, దానిమీదికి వేలాడే దీపాలు, పాకెట్ల కింద వల సంచులు. ఆ గదికి మార్కరే రాజు. స్కోరు చెప్పడం, బంతులు తీసి స్పాట్ల మీద పెట్టడం, క్యూలకు టిప్పులు అతికించడం, క్లాత్‌కు బ్రష్ కొట్టి ఇస్త్రీ పెట్టడం, అన్నీ ఆయనే.

కొత్తవాడి చేతికి ఆయన క్యూ ఇచ్చేవాడు కాదు. ముందు ఒక ఎర్ర బంతిని చేత్తో కుషన్ వెంబడి మూల పాకెట్‌లోకి దొర్లించమనేవాడు. కుర్రతనం కదా, విసురుగా దొర్లించేవాళ్లం. బంతి పాకెట్ నోటికి రెండు పక్కలా ఉండే దవడల్లో ఈ దవడకు కొట్టుకుని, ఆ దవడకు కొట్టుకుని, టకటకలాడుతూ బయటికి వచ్చేసేది. "మెల్లగా బాబూ, మెల్లగా. బలం చూపిస్తే అది ఒప్పుకోదు" అనేవాడు. అదే బంతిని నెమ్మదిగా వదిలితే అదే దవడను రాసుకుంటూ వెళ్లి వలలో పడేది. అంటే వేగంగా వచ్చే బంతికి ఆ పాకెట్ చిన్నది, నెమ్మదిగా వచ్చే బంతికి పెద్దది. క్యూ పట్టకముందే మాకు ఒంటబట్టిన పాఠం అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. పాకెట్ బంతి పడేచోట సుమారు 3.5 అంగుళాలు, అంటే 89 మిల్లీమీటర్లు. బంతి సరిగ్గా మధ్యలోంచి వెళితే అటు 18, ఇటు 18 మిల్లీమీటర్ల ఖాళీ. పూల్ బంతి కొంచెం పెద్దది, 2.25 అంగుళాలు. ప్రపంచ పూల్ సంఘం వాళ్ల కొలత ప్రకారం మూల పాకెట్ నోరు 4.5 నుంచి 4.625 అంగుళాలు, మధ్య పాకెట్ 5 నుంచి 5.125. అంటే మూల పాకెట్ బంతికి రెండింతలు. పాత అమెరికన్ టేబుళ్ల మూలలు ఐదు అంగుళాల దాకా ఉండేవి. మన పార్లర్లలో చాలావరకు ఆ బాపతే. అక్కడ ఒక్కో పక్క ఖాళీ అంగుళం పైమాటే. మాకు దొరికిన దానికి దాదాపు రెట్టింపు! పైగా మేం పన్నెండు అడుగుల టేబుల్ మీద ఆ చివరి నుంచి కొట్టేవాళ్లం.

వెడల్పు ఒక్కటే అయితే ఇంత గొణగను. అసలు మెలిక ఆకారంలో ఉంది. స్నూకర్ టేబుల్‌లో కుషన్ పాకెట్ దగ్గరికి వచ్చేసరికి గుండ్రంగా లోపలికి తిరుగుతుంది. ఆ వంపు పొట్టకు బంతి తగిలిందంటే ఎదుటి దవడ మీదికి పోతుంది, అక్కడి నుంచి బయటికి. పూల్ టేబుల్‌లో ఆ వంపు లేదు. రబ్బరును కత్తితో కోసినట్టు తిన్నగా కోసేస్తారు. మూలల్లో ఆ కోత కుషన్‌తో 142 డిగ్రీలు, మధ్యలో 104. కోత ముఖం చదునుగా ఉంటుంది కాబట్టి తగిలిన బంతి ఎక్కువసార్లు లోపలికే మళ్లుతుంది. అందుకే పార్లర్‌లో కుర్రాడు కొట్టిన బంతి పాకెట్‌కు జానెడు ముందే కుషన్‌ను తాకినా నిక్షేపంగా పడిపోతుంది. వాడు చెయ్యెత్తి చప్పట్ల కోసం చూస్తాడు. అదే బంతి అంతే వేగంతో మా టేబుల్ మీద అయితే తిరిగొచ్చి ఎదుటివాడికి పండగ చేసేది.

ఇంకొకటి ఉంది, దాన్ని బాగా ఆడేవాళ్లు కూడా పట్టించుకోరు. పాకెట్ నోటికీ, బంతి కిందికి జారే అంచుకూ మధ్య రాతి పలక కొంత మేర ఉంటుంది. పాత ఇళ్ల ముందు అరుగులాంటిదనుకోండి, వచ్చినవాడు లోపలికీ పోడు, వీధిలోకీ పోడు. ఆ అరుగు లోతుగా ఉంటే దవడలకు కొట్టుకున్న బంతి అక్కడే కూలబడుతుంది. తక్కువ ఉంటే అదే తప్పుడు దెబ్బకు బంతి పడిపోతుంది. పూల్ ప్రమాణాల్లో మూలల దగ్గర ఇది 1 అంగుళం నుంచి 2.25 అంగుళాల దాకా ఉండొచ్చు. అంటే నోటి వెడల్పు ఒకటే ఉన్న రెండు టేబుళ్లలో ఒకటి దయగలది, ఒకటి దయలేనిది. టేపు పెట్టి నోరు కొలిచి "రెండూ సమానమే" అనేవాడికి ఆట తెలియదని అర్థం.

మధ్య పాకెట్ మాట చెప్పకపోతే పాపం. ఎదురుగా నిలబడి కొడితే ఐదు అంగుళాలకు ఐదూ మీవే. పక్క నుంచి వాలుగా కొడితే? బంతి దారి కుషన్‌తో 30 డిగ్రీల కోణంలో ఉందనుకోండి, ఆ నోరు బంతికి సగమే కనపడుతుంది, 2.5 అంగుళాలు. బంతే 2.25. మిగిలింది అటు ఎనిమిదో వంతు అంగుళం, ఇటు ఎనిమిదో వంతు. కాగితం మీద గీసుకుంటే పదో తరగతి పిల్లాడికైనా తెలుస్తుంది. పార్లర్‌లో మాత్రం ప్రతివాడూ ఆ దెబ్బే కొడతాడు, తప్పాక టేబుల్‌ను తిడతాడు.

పాకెట్ కొలత ఎంత పని చేస్తుందో జాన్ స్పెన్సర్‌ను అడగాలి, కానీ ఆయన ఇప్పుడు లేడు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1979లో ఇంగ్లండ్‌లోని స్లౌలో ఒక టోర్నమెంట్లో 147 కొట్టాడు. స్నూకర్‌లో ఒకే విడతలో అంతకు మించి పెద్ద స్కోరు మామూలుగా లేదు, అందుకే దాన్ని మాక్సిమమ్ అంటారు. అయినా రికార్డుల్లోకి ఎక్కలేదు. ఎందుకంటే ఆ టేబుల్ పాకెట్లు అధికారిక అచ్చు (టెంప్లెట్) కొలత కంటే పెద్దవి! పోనీ చూసుకుని మురిసిపోదామా అంటే ఆ సమయానికి టీవీ కెమెరాలు కూడా తిరగడం లేదు. మూడేళ్లకు, 1982 జనవరి 11న, ఓల్డమ్‌లో స్టీవ్ డేవిస్ 147 కొట్టి, టీవీలో మొదటి అధికారిక మాక్సిమమ్ తన పేరున రాయించుకున్నాడు. రెండు ఆటల్లోనూ 15 ఎర్రలు, 15 నల్లలు, ఆరు రంగులూ పడ్డాయి. పాకెట్ ఒక పిసరు పెద్దదైనందుకు ఒకరి ఆట లెక్కలోకి రాకుండా పోయింది. అదీ క్రమశిక్షణ. ఇప్పుడు పార్లర్‌లో ఫోన్‌తో వీడియో తీసి పెట్టేవాళ్లలో ఒక్కడైనా కింద పాకెట్ కొలత రాస్తాడా?

పాకెట్ నోటిని వాడుకుని ఆటనే గేలి చేసిన ఘనుడు కూడా ఒకడున్నాడు. 1907లో టామ్ రీస్ అనే ఇంగ్లీషాయన బిలియర్డ్స్‌లో రెండు బంతుల్ని మూల పాకెట్ దవడల మధ్య ఇరికించి, కదలనివ్వకుండా, మూడో బంతితో వాటిని తాకుతూ వారాల తరబడి పాయింట్లు లాగాడు. 4,99,135 దాకా పోయాడు. చూసేవాడికి నిద్ర, ఆడేవాడికి స్కోరు. దాన్ని అధికారిక రికార్డుగా ఒప్పుకోలేదు సరికదా, ఆ ఎత్తునే నిషేధించారు. మంచి పని చేశారు.

కుర్రాళ్ల మీద ఇంత విసుక్కున్నాను కదా అని ఇప్పటి పెద్ద పోటీలవాళ్లను మెచ్చుకుంటానని అనుకోకండి. వాళ్లకు ఇంకో పిచ్చి పట్టింది. ఆట సులువైపోయిందని పూల్‌లో ఒక రకమైన నైన్‌బాల్ పోటీల్లో పాకెట్లను బిగిస్తూ బిగిస్తూ నాలుగు అంగుళాలకు తెచ్చారు. అది చూసి మన ఊళ్లలో కొందరు పాకెట్ లోపలి ముఖాలకు రబ్బరు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి "ప్రో టేబుల్" అంటున్నారు. అలా అతికిస్తే ముఖం గట్టిపడి, సరిగ్గా కొట్టిన బంతిని కూడా ఉమ్మేస్తుంది. అసలు చేయాల్సింది కుషన్ రబ్బరును పొడవు పెంచి, కోణం చూసుకుని కొత్తగా కోయడం. అది ఖర్చు, ఓపిక, చేయి తిరిగిన ఫిట్టర్ ఉండాలి. ఎవడు చేస్తాడు?

పైగా పూల్‌లో వెడల్పు పాకెట్‌కు ఓ విలువుంది, నచ్చకపోయినా చెప్పాలి. గట్టి ఆటగాడు బంతిని పాకెట్ మధ్యలోకి కొట్టడు. ఎడమ అంచుకో కుడి అంచుకో పంపి, ఆ కాస్త తేడాతో తెల్ల బంతిని తనకు కావలసిన వైపు మళ్లించుకుంటాడు. 1954లో విల్లీ మోస్కోనీ ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎనిమిది అడుగుల టేబుల్ మీద వరసగా 526 బంతులు వేశాడంటే గురి ఒక్కటే కాదు కారణం, ప్రతి దెబ్బకూ తర్వాతి మూడు దెబ్బలు ముందే చూసుకోవడం. పాకెట్‌ను బంతికి సరిపడా మూసేస్తే ఆ విద్యకు చోటే ఉండదు. అందరూ భయపడి దాక్కునే ఆట ఆడతారు. స్నూకర్‌లో పాకెట్ చిన్నదైనా గుండ్రటి దవడ నెమ్మదిగా వచ్చినవాడిని ఆదరిస్తుంది కాబట్టి అక్కడ ఆ ఇబ్బంది తక్కువ. పూల్ కోతను అలాగే ఉంచి నోరు మాత్రం బిగిస్తే గురిని పరీక్షించినట్టే, నేర్పును కాదు.

సందు చిన్నదైతేనే గొప్పంటారా, రష్యన్ పిరమిడ్ అనే బిలియర్డ్స్ ఆట ఆడండి. బంతి 68 మిల్లీమీటర్లు, మూల పాకెట్ 72, 73. ఉన్న ఖాళీ అంతా కలిపి నాలుగైదు మిల్లీమీటర్లు. చైనావాళ్లు తెలివిగా పూల్ బంతులకు స్నూకర్ దవడలు పెట్టి కొత్త ఆటే తయారుచేసుకున్నారు. అంత దూరం ఎందుకు, మన క్యారమ్స్ చూడండి. పోటీ బోర్డులో పాకెట్ 4.45 సెంటీమీటర్లు, కాయిన్ 3.18కి మించదు. ఒకటికి ఒకటిన్నర కూడా లేదు. ఇంట్లో అరిగిపోయిన బోర్డు మీద క్వీన్ వేసి మీసం మెలేసినవాడు పోటీ బోర్డు ముందు కూర్చుంటే తెలుస్తుంది.

ఒకరోజు మనవడి వెంట ఒక పార్లర్‌కు వెళ్లి చూశాను. పాట చెవులు పగలగొడుతోంది, ఏసీ వణికిస్తోంది. నేను నేరుగా మూల పాకెట్ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి తడిమాను. లోపలి రబ్బరు ముఖం జిగురూడి వేలాడుతోంది, ప్లాస్టిక్ అంచు పగిలి చాక్ పొడితో నీలంగా ఉంది. బంతిని దొర్లిస్తే ఆ ఊడిన రబ్బరుకు తగిలి, టక్కుమనాల్సింది పోయి, దభ్‌మని చచ్చి లోపల పడింది. ఎంత తప్పుగా కొట్టినా అక్కడ బంతి పడాల్సిందే. కౌంటర్ దగ్గరి కుర్రాడితో అంటే, "పర్లేదు అంకుల్, అందరూ హ్యాపీ" అన్నాడు. ఎందుకు కారు? ఆటకింతని డబ్బు తీసుకునే చోట బంతులు గబగబా పడితే ఆటలు ఎక్కువవుతాయి. గెలిచినవాడు మళ్లీ వస్తాడు, ఓడినవాడు రెండు రోజులాగి వస్తాడు.

కాబట్టి పూల్ ఆడే పిల్లలకు ఒక్క మాట. డబ్బు కట్టేముందు రెండు బంతులు తీసుకుని మూల పాకెట్ నోట్లో పక్కపక్కన పెట్టండి. రెండూ కలిసి దవడలకు సరిగ్గా ఆనుకుంటే అది 4.5 అంగుళాల నిఖార్సైన టేబుల్. పట్టకపోతే బిగించిన టేబుల్, వేగం తగ్గించి ఆడండి. రెండూ ఇరుక్కోకుండా దర్జాగా లోపలికి జారిపోతే హాయిగా ఆడుకుని రండి, స్కోరు మాత్రం ఎవరికీ చెప్పకండి.