నడుం నొప్పి ప్లాన్ రాసే కుర్రాడికి బాబాయి సలహాలు

ఒరేయ్ అబ్బాయ్, హార్ట్‌ఫర్డ్‌లో ఆరోగ్య బీమా కంపెనీలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. చేరీ చేరగానే నడుం నొప్పి కవరేజీ తిరగరాసే పని నీ నెత్తిన పెట్టారట. బెంబేలు పడకు. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి, చెబుతున్నాను విను.

డాక్టరు ఏం రాస్తాడో, వైద్య పత్రికలు ఏం చెబుతాయో నీకెందుకు? దేనికి ఎంత కట్టాలో, దేనికి ఎన్నిసార్లు అడుక్కోవాలో నువ్వు రాయి, చాలు. వైద్యం రోగే ఎంచుకుంటాడు. తన ఇష్టంతోనే ఎంచుకున్నానని కూడా నమ్ముతాడు.

ముందు మాత్రల సంగతి. హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్ర ఉంది, దాని జెనెరిక్‌ని ఫార్ములరీలో, అంటే ప్లాన్ మందుల జాబితాలో, అన్నిటికన్నా చవకైన వరసలో పడెయ్. కో-పే, అంటే ప్రతిసారీ రోగి జేబులోంచి కట్టే వాటా, కాఫీ ఖర్చు దాటకూడదు. 2014 అక్టోబరులో ఈ మందును కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ 2లోకి మార్చాక రీఫిళ్లు పోయాయి, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి. అయితే ఏం? చీటీ రాయడానికి డాక్టరుకు అర నిమిషం పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాడు మంచం ఎక్కకుండా ఎందుకు నడవాలో చెప్పడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటకు మనం సరిగ్గా డబ్బివ్వం కాబట్టి ఆయన ఏది ఎంచుకుంటాడో నీకు చెప్పక్కర్లేదు. మొదటి చీటీకి ఏడు రోజుల హద్దు పెట్టమంటారు, పెట్టు. పెద్దవాళ్ల సర్కారు బీమా మెడికేర్ మందుల ప్లాన్లలో కొత్తగా ఓపియాయిడ్ మొదలుపెట్టేవాళ్లకు 2019 నుంచి ఆ హద్దు ఉంది. ఎనిమిదో రోజున వాడు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ప్లాన్‌లో రాయకు.

ఇక ఫిజియోథెరపీ. దీన్ని కవర్ చెయ్యం అని పొరపాటున కూడా అనకు. కొత్తవాళ్లు అక్కడే దొరికిపోతారు. బ్రోచర్‌లో దాని పక్కన పచ్చటి టిక్కు కొట్టు. అసలు పనితనం అంతా టిక్కు కింద సన్నక్షరాల్లో ఉంటుంది.

ఒహాయోలో గోడౌన్‌లో పెట్టెలెత్తే మనిషిని తీసుకో. సోమవారం నడుం పట్టేసింది. వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు ఫిజియోథెరపీకి వెళ్లమన్నాడు డాక్టరు. సిట్టింగుకు 50 డాలర్లు కో-పే పెట్టావనుకో, పన్నెండుకి 600 అవుతుంది. బీమా చెల్లింపు మొదలయ్యేలోపు వాడే కట్టాల్సిన డిడక్టిబుల్ ఇంకా నిండలేదంటే కో-పే మాట దేవుడెరుగు, మొత్తం బిల్లే వాడిది. క్లినిక్ తలుపు తెరిచేది వాడి షిఫ్ట్ మొదలయ్యాక, మూసేది షిఫ్ట్ అయ్యేలోపు. గంటకింత అని జీతం తీసుకునేవాడికి రెండు గంటల సెలవంటే రెండు గంటల కూలి పోయినట్టే. మన నెట్‌వర్క్‌లో ఉన్న థెరపిస్టు నలభై మైళ్ల అవతల ఉంటే మరీ మంచిది. ఇన్ని దాటుకుని ఆరో సిట్టింగు దాకా వచ్చాడా, అక్కడ ముందస్తు అనుమతి పెట్టు. థెరపిస్టు ఫ్యాక్స్ పంపుతుంది, మనం ఒక కాగితం తక్కువైందంటాం, ఆవిడ మళ్లీ పంపుతుంది. ఈలోపు రెండు వారాలు గడిచి వాడి నడుం మళ్లీ బిగుసుకుపోతుంది. ఇంటికి వెళ్లే దారిలో ఫార్మసీ డ్రైవ్-త్రూ కిటికీ దగ్గర నారింజ రంగు డబ్బా ఐదు నిమిషాల్లో చేతిలో పడుతుంది. కారు దిగక్కర్లేదు, నడుం వంచక్కర్లేదు. వాడు తప్పు చేశాడంటావా? నీ ప్లాన్ చెప్పినట్టే చేశాడు.

ఓపియాయిడ్ కాని మందులు ఉన్నాయిగా అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఉన్నాయి, అందుకే వాటి చుట్టూ కంచె వెయ్యాలి. 2017లో న్యూయార్క్ టైమ్స్, ప్రొపబ్లికా కలిసి మెడికేర్ మందుల ప్లాన్లను తిరగేశాయి. నొప్పి ఉన్నచోట అంటించుకునే లైడోకెయిన్ పట్టీని కవర్ చేసిన ప్రతి ప్లానూ దానికి ముందస్తు అనుమతి అడుగుతోందని తేలింది. మామూలు ఓపియాయిడ్ మాత్రలకు ఆ అనుమతి దాదాపు ఎవరూ అడగడం లేదు. మన వృత్తి మీద వచ్చిన అంత పెద్ద మెచ్చుకోలు నేనింకెక్కడా చదవలేదు. వాళ్లు మాత్రం తిట్టాలనే రాశారు.

కాగితాలు పట్టుకుని నీ బల్ల దగ్గరికి డాక్టర్లు కూడా వస్తారు, జాగ్రత్త. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఏమందో చూడు: నడుం నొప్పికి ముందు మందుల్లేని దారి పట్టండి, కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్, పాత నొప్పి అయితే వ్యాయామం, యోగా, ఓపియాయిడ్ అన్నీ విఫలమయ్యాకే. మరుసటి ఏడు మినియాపొలిస్‌లో మాజీ సైనికులకు వైద్యం చేసే ఆసుపత్రివాళ్లు 240 మందిని ఏడాది పాటు గమనించిన ఫలితాలు బయటపెట్టారు. అందరికీ పాత నడుం నొప్పో, మోకాలి తుంటి కీళ్ల నొప్పో. ఓపియాయిడ్ వాడినవాళ్లు రోజువారీ పనుల్లో మామూలు నొప్పి మందులు వాడినవాళ్లకంటే మెరుగ్గా లేరు, నొప్పి మాత్రం ఓపియాయిడ్ వాడినవాళ్లకే కాస్త ఎక్కువగా ఉంది. 2023లో సిడ్నీవాళ్లు కొత్తగా పట్టేసిన నడుం, మెడ నొప్పులకు ఓపియాయిడ్‌నీ ఉత్తుత్తి మాత్రనీ పోల్చిన ఫలితం బయటపెట్టారు. ఓపియాయిడ్ ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఇవన్నీ చక్కగా ఫైల్ చెయ్. వచ్చే ఏడాది కమిటీకి పంపుదాం అను. వచ్చే ఏడాదీ అదే మాట అను.

అలవాటు పడిపోతారేమో బాబాయ్ అని నీకు మనసులో పీకుతుంటుంది, నాకు తెలుసు. పడతారు, అందరూ కాకపోయినా కొందరు. అమెరికాలో మత్తుమందుల మోతాదు మించి చనిపోయినవాళ్లు 2021లో ఒక్క ఏడాదిలోనే లక్ష దాటారు. అందులో ఎక్కువ పాపం వీధిలో దొరికే ఫెంటనిల్‌ది. అయితే కొందరికి ఆ వీధి దారి చూపించింది డాక్టరు చీటీయే. ఇక్కడే మన వ్యాపారం గుట్టు పట్టుకో. వాడు మన దగ్గర ఉండేది ఉద్యోగం ఉన్నంతకాలమే. మాత్రకు బానిసై ఉద్యోగం పోగొట్టుకున్నాడా, మన ప్లాన్‌లోంచి కూడా పోతాడు. ఆ తర్వాత ఖర్చు పేదల సర్కారు బీమా మెడికెయిడ్‌ది, కౌంటీ ఆసుపత్రిది, వాళ్లమ్మది. ఈ త్రైమాసికంలో ఫిజియోథెరపీ మీద మిగిల్చిన డబ్బు మాత్రం మన లెక్కలోనే ఉంటుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని సామెత చెబుతారు. కాకి సంగతి కాకినడిగితే కదా తెలిసేది!

కవరేజీ మార్చక తప్పని రోజు కూడా వస్తుంది. పత్రికలు గోల చేస్తాయి, సెనెటర్లు ఉత్తరాలు రాస్తారు. అప్పుడు ఒక్కసారిగా మాత్రల కుళాయి కట్టెయ్. బదులుగా ఏదీ ఇవ్వకపోవడం ముఖ్యం. 2016లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన మోతాదు దాటడానికి వెనకాడమని డాక్టర్లకు సలహా ఇచ్చింది. అది మందు మొదలుపెట్టేటప్పుడు, మోతాదు పెంచేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్త. మనవాళ్లు ఆ అంకెను గోడలా కట్టి, ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లను కూడా ఒక్కరోజులో అవతలికి తోసేశారు. విత్‌డ్రాయల్, తట్టుకోలేని నొప్పి, కొందరికి ఆత్మహత్య ఆలోచనలు. హఠాత్తుగా ఆపొద్దని 2019లో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, 2022లో సీడీసీ మార్గదర్శకాలనే సవరించింది. ఆలోపు మనకు మంచి పేరు వచ్చేసింది: ఓపియాయిడ్ క్లెయిములు తగ్గాయని రెండు రంగుల గ్రాఫ్. తగ్గినవి క్లెయిములా, నొప్పులా అని గ్రాఫ్‌ను ఎవరూ అడగరు.

పేరుకు తీసేసి అసలుకు ఉంచడం ఇంకో పద్ధతి. సిగ్నా బీమా కంపెనీ తన ఉద్యోగ ప్లాన్లలో 2018 నుంచి ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ ఉన్న ఆక్సికాంటిన్‌ను ఇష్టపడే మందుల జాబితాలోంచి తప్పించింది. దాని చోట ముందుకు తెచ్చింది ఎక్స్‌టాంప్జా. నలిపి దుర్వినియోగం చెయ్యడం కష్టం అన్నారు, నిజమే కావచ్చు. లోపల ఉన్నది మాత్రం అదే ఆక్సికోడోన్.

ఒరెగాన్‌వాళ్ల దారి మాత్రం తొక్కకు. అక్కడి మెడికెయిడ్‌లో అంతకుముందు నరం నొక్కుకుపోయిన లక్షణాలు లేని నడుం నొప్పికి దొరికేది డాక్టరు దర్శనం, మందులు, అంతే. 2016 జులై నుంచి తారుమారు చేశారు: ఫిజియోథెరపీ, కైరోప్రాక్టర్, ఆక్యుపంక్చర్, నొప్పి భయాన్ని తగ్గించే మానసిక చికిత్స, అన్నిటికీ కవరేజీ తెరిచి ఓపియాయిడ్‌కీ ఆపరేషన్‌కీ హద్దులు పెట్టారు. నొప్పి ముదిరే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు ఏడాదికి 30 సిట్టింగులు. ముప్పై! తర్వాత, ఇతర దీర్ఘకాలపు నొప్పులున్నవాళ్ల చేత కూడా మాత్రలు బలవంతంగా మాన్పించే ప్రతిపాదన ఒకటి వచ్చింది, అది నాకు నచ్చింది. రోగులు, నొప్పి వైద్యులు అడ్డం తిరిగారు, 2019లో దాన్ని పక్కన పెట్టేశారు. యునైటెడ్ హెల్త్‌కేర్ కూడా అదే ఏడాది కొన్ని ప్లాన్లలో కొత్త నడుం నొప్పికి మొదటి మూడు ఫిజియోథెరపీ సిట్టింగుల కో-పే, డిడక్టిబుల్ ఎత్తేసింది. ఇలాంటివి అంటువ్యాధులు, దూరంగా ఉండు.

ఇవ్వక తప్పకపోతే మెడికేర్‌ని చూసి నేర్చుకో. 2020 జనవరి నుంచి పాత నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇస్తున్నారు: 90 రోజుల్లో 12 సిట్టింగులు, గుణం కనిపిస్తే ఇంకో 8. చూడముచ్చటగా ఉంది కదూ? అయితే లైసెన్సు ఉన్న ఆక్యుపంక్చరిస్టు నేరుగా మెడికేర్‌కు బిల్లు పెట్టుకోలేడు, డాక్టరు పర్యవేక్షణలో, ఆ డాక్టరు పేరు మీదే వెళ్లాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు.

అన్నట్టు, మీ అత్తగారు తెనాలి నుంచి వస్తున్నారటగా. విజిటర్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ఆవిడకు నడుం నొప్పి ముందునుంచీ ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకో. ముందునుంచీ ఉన్న జబ్బంటే ఆ పాలసీలు చాలావరకు చెయ్యెత్తేస్తాయి. అవి రాసింది మనలాంటివాళ్లే.

ఆఖరి మాట, ఇది బయట ఎక్కడా అనకు. క్లెయిము కాదన్నప్పుడు మనం పంపే లేఖలో అప్పీలు సంగతి తప్పనిసరిగా రాయాలి. అడుగున, ఆరో పేజీలో రాయి. లేఖ అందిన 180 రోజుల్లోపు రోగి మన దగ్గరే అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 4 నెలల్లోపు బయటి సమీక్ష అడగొచ్చు, ఆ సమీక్షకుడు ఇమ్మంటే మనం నోరు మూసుకుని ఇవ్వాల్సిందే. సర్కారు బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ ప్లాన్లలో కాదన్న క్లెయిముల్లో నూటికి ఒక్కదాని మీద కూడా అప్పీలు రావడం లేదు.